రేడియేషన్ మాస్క్‌కి ఎక్స్-రే తీసి చూశాం

నేను గుంటూరులో ఒక ఎముకల ఆస్పత్రిలో ఎక్స్-రే టెక్నీషియన్‌ని. పందొమ్మిదేళ్ల సర్వీసు. పొద్దున ఎక్స్-రే గదిలో ఉంటాను, మధ్యాహ్నం నుంచి ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ దగ్గర, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్-రే బొమ్మ చూపించే మెషీన్ దగ్గర. విరిగిన తొడ ఎముకలోకి రాడ్ దించేటప్పుడు డాక్టరుగారు "షాట్" అంటారు, నేను పెడల్ నొక్కుతాను, తెర మీద ఎముకా రాడ్డూ కనిపిస్తాయి. ఒక్క కేసులోనే అలా యాభై అరవై సార్లు నొక్కిన రోజులున్నాయి. రేడియేషన్ అన్న మాట మా థియేటర్‌లో రోజూ నలిగే మాట.

ఇప్పుడు రాస్తున్నది ఆన్‌లైన్‌లో "యాంటీ రేడియేషన్" అని అమ్ముతున్న ఒక గుడ్డ మాస్క్ గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. మేము చూసింది ఒక్క మాస్కే, కానీ చూసిన పద్ధతి ఏ మాస్క్‌కైనా పనికొస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

కొన్నది నేను కాదు, మా థియేటర్‌లో పనిచేసే ఒక స్టాఫ్ నర్స్. చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. 1,850 రూపాయలు పెట్టి తెప్పించుకుంది. నల్లగా, మెత్తగా, లోపల మెరిసే పొరతో చూడ్డానికి బాగుంది. "అన్నా, ఇది పెట్టుకుంటే రేడియేషన్ 99.9 శాతం ఆగుతుందట. థైరాయిడ్ కాలర్లు మనకి ఉన్నవే రెండు, అవి డాక్టర్లకే సరిపోతాయి. అందుకే నా డబ్బులతో కొనుక్కున్నా" అంది.

ఆ మాట విని నాకు సిగ్గేసింది. థైరాయిడ్ గ్రంథిని కాపాడటానికి మెడ చుట్టూ కట్టుకునే ఆ సీసపు కాలర్లు తక్కువ ఉన్నాయని నాకూ తెలుసు, ఇంకా నాలుగు తెప్పించమని అడగాల్సిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ అంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ సాయంత్రం కేసులో నేను చూసిన విషయం. మామూలుగా డాక్టరుగారు "షాట్" అనగానే ఆ అమ్మాయి రెండు అడుగులు వెనక్కి వేస్తుంది. ఆ రోజు వేయలేదు. మాస్క్ ఉంది కదా అన్న ధైర్యంతో పేషెంట్ కాలు పట్టుకుని టేబుల్ పక్కనే నిలబడిపోయింది. పనిచేయని వస్తువు వల్ల డబ్బు పోతే పోయింది. అది ఇచ్చే ధైర్యం మనిషిని కిరణాల దగ్గరికి లాక్కెళ్లింది, నేను భరించలేనిది అదీ.

మర్నాడు పొద్దున్నే ఓపీ మొదలవకముందు ఆ మాస్క్‌ని ఎక్స్-రే గదికి తీసుకురమ్మన్నాను. "దీనికి ఎక్స్-రే తీద్దాం సిస్టర్" అన్నాను. కిరణాలను ఆపే వస్తువు ఏదైనా ఎక్స్-రేలో తెల్లగా పడుతుంది. ఎముక తెల్లగా పడేది అందుకే. ఇది నిజంగా 99.9 శాతం ఆపేదైతే ఫిల్మ్ మీద సున్నం కొట్టినట్టు కనిపించాలి.

డిటెక్టర్ మీద వరసగా ఐదు వస్తువులు పెట్టాను. థియేటర్‌లో వాడే మూడు పొరల సర్జికల్ మాస్క్, ఒక ఎన్-95, ఈ కొత్త మాస్క్, డాక్టరుగారి థైరాయిడ్ కాలర్, ఒక ఐదు రూపాయల బిళ్ల. బిళ్ల ఎందుకంటే ఈ డిజిటల్ మెషీన్లు బొమ్మను వాటంతట అవే సర్దుతాయి, మసకగా ఉన్నదాన్ని కూడా కాస్త తేల్చి చూపిస్తాయి. పక్కన గట్టి లోహం ఒకటి ఉంటే పోల్చి చూసుకోవచ్చు. మీటరు దూరం, 60 కేవీ (కిరణాల శక్తిని నిర్ణయించే వోల్టేజి), 2 ఎంఏఎస్ (ఎన్ని కిరణాలు వదలాలన్న లెక్క). చెయ్యి ఎక్స్-రేకి పెట్టే సెట్టింగ్‌కి కొంచెం పైన. ఇద్దరం సీసం తొడిగిన గోడ వెనకాలకి వెళ్లి బటన్ నొక్కాం.

తెర మీద కాలర్ తెల్లటి అర్ధచంద్రాకారంలో పడింది. బిళ్ల గుండ్రంగా తెల్లగా పడింది. సర్జికల్ మాస్క్ ఉన్న చోట ముక్కు మీద నొక్కుకునే సన్నటి తీగ ఒక్కటే గీతలా కనిపించింది, గుడ్డ జాడే లేదు. ఎన్-95 దగ్గర తీగ, రబ్బరు పట్టీలు కుట్టిన పిన్నులు. మరి 1,850 రూపాయల మాస్క్? దాని తీగ కనిపించింది. కళ్లు చికిలించి చూస్తే అంచు దగ్గర, గుడ్డ నాలుగు మడతలు పడిన చోట, పొగమంచు లాంటి మసక. మిగతాదంతా నలుపే. అంటే కిరణాలు దాదాపు అన్నీ దాటిపోయాయి.

ఆ అమ్మాయి చాలాసేపు తెర వంకే చూసింది. "లోపల వెండి దారాలున్నాయని రాశారన్నా" అంది.

ఉన్నాయి. అబద్ధం కాదు. అందుకే ఒక్క ఎక్స్-రేతో వదిలేయకుండా థియేటర్‌కి వెళ్లి సీ-ఆర్మ్ మీద కూడా చూశాం. సీ-ఆర్మ్‌లో ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ ఉంటుంది. దారిలో ఏదైనా అడ్డం వస్తే బొమ్మ మసకబారకుండా మెషీన్ తనే కేవీ పెంచుకుంటుంది. మనిషి కాలు బదులు అర లీటరు సెలైన్ బాటిల్ పెట్టి కేవీ ఎంతుందో చూసుకున్నాను. బాటిల్ మీద కొత్త మాస్క్ పరిచి మళ్లీ నొక్కాను. కేవీ ఒక్క అంకె కూడా కదల్లేదు. మాస్క్ తీసి కాలర్ వేశాను. కేవీ గబగబా ఎక్కిపోయింది, వెంటనే పెడల్ వదిలేశాను. మెషీన్‌కి ఆ మాస్క్ ఉన్నట్టే తెలియలేదు.

మరి పెట్టె మీద 99.9 శాతం అని ఎలా రాశారు? పెట్టెలో మడిచిపెట్టిన చిన్న కాగితం ఒకటుంది, టెస్ట్ రిపోర్టు. దాన్ని వెలుతురులో పెట్టి చదివితే విషయం అర్థమైంది. ఆ పరీక్ష చేసింది మెగాహెర్ట్జ్, గిగాహెర్ట్జ్ తరంగాల మీద, అంటే ఫోన్, వైఫై సిగ్నళ్ల మీద. ఫలితం 30 డెసిబెల్స్ అని ఉంది. 30 డెసిబెల్స్ తగ్గిందంటే వెయ్యి పాళ్లలో ఒక పాలు మిగిలిందని, అక్కడి నుంచే 99.9 వచ్చింది. వెండి పూసిన దారాల వల ఫోన్ తరంగాలను నిజంగానే అడ్డుకుంటుంది, వాటికి లోహపు వల చాలు. ఎక్స్-రే కిరణం వేరు. దానికి వల కన్నంతో పని లేదు, దారిలో ఎంత బరువైన పదార్థం ఎంత మందంగా ఉందన్నదే లెక్క. రెండింటినీ మనం రేడియేషన్ అనే అంటాం. అమ్మేవాళ్లు ఆ ఒక్క మాటని పట్టుకున్నారు. పైన బొమ్మలో మాత్రం పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు వేశారు. అది మా ఎక్స్-రే గది తలుపు మీద ఉండే గుర్తు, ఫోన్ తరంగాలకు వాడే గుర్తు కాదు. ఈ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

మాస్క్ గుడ్డ ఎందుకు ఆపలేదో కూడా చెప్తాను. మామూలు సర్జికల్ మాస్క్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో చేస్తారు. అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్. కార్బన్ పరమాణు సంఖ్య 6, హైడ్రోజన్‌ది 1. సీసానిది 82. మేము వాడే శక్తుల దగ్గర కిరణాన్ని మింగేసే గుణం దాదాపు ఈ సంఖ్య ఘనం లెక్కన, అంటే సంఖ్యని మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించినంత వేగంగా పెరుగుతుంది, అందుకే సీసానికీ ప్లాస్టిక్‌కీ పోలికే ఉండదు. పైగా మాస్క్ చదరపు మీటరుకి 75 గ్రాములు ఉంటే ఎక్కువ. అర మిల్లీమీటరు సీసం రేకు చదరపు మీటరుకి 5,670 గ్రాములు.

నేను కాగితం మీద లెక్కేసి ఆ అమ్మాయికి చూపించాను. పేషెంట్ ఒంటి నుంచి చెదిరి మన మీదకి వచ్చే కిరణాలు 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తికి కొలత) దగ్గర ఉన్నాయనుకుందాం. అలాంటివి వెయ్యి వస్తే సర్జికల్ మాస్క్ ఆపేది ఒకటో రెండో. ఎన్-95 నాలుగైదు. అర మిల్లీమీటరు సీసం 990 దాకా ఆపుతుంది. ఆ సీసం చేసే పని సర్జికల్ మాస్కులతో చేయాలంటే దాదాపు మూడు వేల మాస్కులు ఒకదాని మీద ఒకటి పేర్చాలి.

ఎక్స్-రే మెషీన్ అందరి దగ్గరా ఉండదు కాబట్టి ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెప్తాను. తూకం వేయండి. మా వీధి చివర బంగారం కొట్టు ఉంది, మాకు తెలిసినవాళ్లే. వాళ్ల తూకంలో సర్జికల్ మాస్క్ 3 గ్రాములు తూగింది, ఈ రేడియేషన్ మాస్క్ 14 గ్రాములు. మొహం మీద మాస్క్ కప్పే వైశాల్యం సుమారు 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అంత మేర అర మిల్లీమీటరు సీసం పెట్టాలంటే 170 గ్రాములు కావాలి. మీ చేతిలో ఫోన్ బరువు దాదాపు అంత ఉంటుంది. దాన్ని రెండు చెవులకి వేలాడదీసుకుని నాలుగు గంటలు నిలబడగలమా? సీసం బదులు బిస్మత్, టంగ్‌స్టన్, యాంటిమొనీ పొడులు కలిపి చేసే సీసం లేని ఏప్రాన్లు (కిరణాలు తగలకుండా ఒంటి మీద వేసుకునేవి) వచ్చాయి, మంచివే, కొంచెం తేలికే. కానీ దూది బరువుకి దిగేంత తేలిక కాదు. చేతిలోకి తీసుకోగానే బరువు తెలియని వస్తువు ఎక్స్-రేని ఆపుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇంకో చిక్కు. మాస్క్ అంటే ఊపిరి ఆడాలి. ఊపిరి ఆడాలంటే కన్నాలుండాలి. కిరణం ఆగాలంటే కన్నం లేని రేకు ఉండాలి. ఒకే గుడ్డ ఈ రెండు పనులూ చేయలేదు.

అసలు ఆపినా మా థియేటర్‌లో దాని వల్ల లాభం తక్కువే. మొహంలో, మెడలో మేము భయపడేది రెండు చోట్ల గురించి. కంటి లెన్స్, థైరాయిడ్ గ్రంథి. లెన్స్‌కి ఎక్కువ మోతాదు పడితే శుక్లం వస్తుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ ఐసీఆర్‌పీ 2011లో కంటి లెన్స్ పరిమితిని ఏడాదికి 150 మిల్లీసీవర్టుల (ఒంటికి పడే రేడియేషన్ మోతాదుకి కొలత) నుంచి 20కి తగ్గించమని చెప్పింది, ఐదేళ్ల సగటు మీద. అంత సున్నితమైన కన్ను మాస్క్‌కి పైన ఉంటుంది. థైరాయిడ్ మాస్క్‌కి కింద ఉంటుంది. మధ్యలో ముక్కు, నోరు, బుగ్గలు మాత్రమే మాస్క్ కిందకి వస్తాయి. ఆ అమ్మాయి కాలర్‌కి బదులుగా కొన్న వస్తువు కాలర్ కప్పే చోటుని కప్పనే కప్పదు.

మాస్కులను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. రేడియోధార్మిక దుమ్ము గాలిలో ఉన్న చోట మాస్క్ ప్రాణం కాపాడుతుంది. 1986లో చెర్నోబిల్ దగ్గర శుభ్రం చేసిన వాళ్లు "లెపెస్తోక్" అనే తెల్లటి రెస్పిరేటర్ పెట్టుకున్నారు, రష్యన్‌లో పూరేకు అని అర్థం. 2011లో ఫుకుషిమాలోనూ మాస్కులు వాడారు. అక్కడ మాస్క్ పని కిరణాలను ఆపడం కాదు, సీజియం లాంటివి అంటుకున్న దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా పట్టుకోవడం. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అలాంటి గనుల్లో ఖనిజపు దుమ్ము పీల్చకుండా ఉండటానికి మంచి రెస్పిరేటర్ కావాల్సిందే. ఆల్ఫా కణాలైతే కాగితం ముక్క దగ్గరే ఆగిపోతాయి, కానీ వాటిని వదిలే దుమ్ము లోపలికి పోతే ఊపిరితిత్తులకి ముప్పు. సీజియం-137 నుంచి వచ్చే గామా కిరణం శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని సగానికి తగ్గించడానికే సుమారు ఆరు మిల్లీమీటర్ల సీసం కావాలి. గుడ్డ సంగతి చెప్పేదేముంది. మా ఎక్స్-రే గదిలో దుమ్మూ లేదు, కణాలూ లేవు. పెడల్ మీద నుంచి కాలు తీస్తే కిరణాలు ఆగిపోతాయి.

ఈ మాస్క్ విషయంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. వెండి దారం, ముక్కు తీగ ఉన్న మాస్క్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లొద్దు. లోహం వేడెక్కి చర్మం కాలుతుంది. స్కాన్‌లో మాస్క్ తీగ వల్ల ఒక పేషెంట్ మొహం కాలిందని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2020 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. రేడియేషన్ నుంచి కాపాడుతుందని ఎవరైనా స్కాన్‌కి ఇదే పెట్టుకుని వెళ్తారేమోనని నా భయం. ఫోన్ రేడియేషన్ నుంచి రక్షణ అంటూ అమ్మే లాకెట్లు కొనేవాళ్లకీ ఒక మాట. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ అలాంటి పది వస్తువులను పరీక్షిస్తే, అవే రేడియోధార్మిక కిరణాలు వదులుతున్నట్టు తేలింది. వాటిని వాడొద్దని ప్రజలకు చెప్పింది.

మాస్క్ తిరిగి తీసుకోమని అమ్మినవాళ్లకి రాశాం. ఎక్స్-రే ఫొటో కూడా పంపాం. పెట్టె తెరిచిన వస్తువు వాపస్ తీసుకోం అన్నారు. 5లో 1 ఇస్తున్నాను. ఆ ఒకటి కూడా కుట్టు శుభ్రంగా ఉన్నందుకు, రోడ్డు మీద దుమ్ముకి పనికొస్తుందేమోనని.

ఆ తర్వాత కొన్నదాని గురించి కూడా రాస్తే ఎవరికైనా పనికొస్తుంది. నేనూ, ఇద్దరు నర్సులూ కలిసి మేనేజ్‌మెంట్‌కి కాగితం పెట్టాం. కాగితంతో పాటు ఆ ఎక్స్-రే ప్రింటు జతచేశాం. మూడు వారాల్లో 0.5 మిల్లీమీటర్ల సీసంతో సమానంగా కిరణాలను ఆపే నాలుగు థైరాయిడ్ కాలర్లు వచ్చాయి. ఒక్కొక్కటి బిల్లులో 1,600 రూపాయలు. ఆ మాస్క్ కంటే 250 తక్కువ. వచ్చిన రోజే నాలుగింటినీ సీ-ఆర్మ్ కింద పెట్టి చూశాను. మూడు బాగున్నాయి, ఒకదాంట్లో అంచు దగ్గర సన్నటి చీలిక కనిపించింది. పంపినవాళ్లు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. కొత్తది కదా అని చూడకుండా వాడేయొద్దు.

కాలర్‌తో ఇబ్బందులున్నాయి. మే నెలలో థియేటర్ ఏసీ సరిగ్గా పనిచేయకపోతే మెడ కింద చెమట పట్టి దురద పెడుతుంది. లోపల పల్చటి నూలు గుడ్డ చుట్టుకుంటే నయం. సన్నటి మెడ ఉన్నవాళ్లకి వదులుగా ఉండి ముందుకి జారుతుంది. అలా జారితే గ్రంథి పైభాగం బయటపడుతుంది, కాబట్టి వెల్‌క్రో బిగించి, ఏప్రాన్ మెడ అంచుకీ కాలర్‌కీ మధ్య ఖాళీ లేకుండా చూసుకోవాలి. మడవొద్దు. ఏప్రాన్ అయినా కాలర్ అయినా మడిచి బీరువాలో పెడితే లోపల రబ్బరు షీటు పగులుతుంది, పైకి కనిపించదు. మేము గోడకి కొయ్య హ్యాంగర్లు కొట్టించాం.

డబ్బు లేకుండా దొరికే రక్షణ కూడా ఆ అమ్మాయికి నేర్పించాను. చెదిరే కిరణాలు పేషెంట్ ఒంటి నుంచి వస్తాయి. మీటరు దూరంలో ఉన్నదానికీ రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికీ మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ రెండు అడుగులు ఎంత ముఖ్యమో ఈ లెక్క చెప్తుంది. సీ-ఆర్మ్‌లో కిరణాలు పుట్టే ట్యూబ్‌ని టేబుల్ కింద, బొమ్మను అందుకునే ఇంటెన్సిఫయర్‌ని పైన పెట్టుకుంటే చెదిరేవి ఎక్కువగా నేల వైపు పోతాయి, మొహానికి తక్కువ తగులుతాయి. పక్క నుంచి చూసే లేటరల్ షాట్‌లో ట్యూబ్ వైపు కాదు, ఇంటెన్సిఫయర్ వైపు నిలబడాలి. కాలు పట్టుకోవడానికి మనిషి బదులు, కాలుని లాగి పట్టి ఉంచే ట్రాక్షన్ టేబుల్ వాడితే ఇంకా మంచిది. ఒంటికి ఎంత రేడియేషన్ పడిందో కొలిచే బ్యాడ్జి రిపోర్టు బాగానే ఉంది కదా అని కూడా ఊరుకోవద్దు. టీఎల్‌డీ బ్యాడ్జి మేము ఏప్రాన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకుంటాం, మూడు నెలలకోసారి ల్యాబ్‌కి వెళ్తుంది. ఏప్రాన్ బయట ఉన్న మెడకీ కళ్లకీ ఎంత పడిందో అది చెప్పదు.

ఇప్పుడు ఆ అమ్మాయి కాలర్ వెనక వైపు మార్కర్‌తో తన పేరు, వాడటం మొదలుపెట్టిన నెల రాసుకుంది. ఏడాది తిరగ్గానే మళ్లీ సీ-ఆర్మ్ కింద పెట్టి పగుళ్లు చూడాలని రిజిస్టర్‌లో రాశాం. సీసం అద్దాలు ఒక్క జత శాంక్షన్ అయింది, ఇంకా రాలేదు. నాకు పవర్ కళ్లజోడు ఉంది, దాని మీద అవి పడతాయో లేదో చూడాలి. ఆరు నెలలు వాడాక వాటి గురించి రాస్తాను.